పోషకుని పక్షపాతము

ఫ్లారిడా రాష్ట్రమున టాంపా నగరములో మా అబ్బాయి ఇంట నేను గడపిన ఎనిమిది నెలలలో, రాత్రి భోజనములైన పిదప దీపములన్నియు ఆర్పి ఇంటివారందరు నిద్రకు ఉపక్రమించిన వేళ, ముందుగదిలో మనుమడు పెంచుకొనుచున్న చేపలతొట్టె నుండి అప్పుడప్పుడొక చప్పుడు వినవచ్చుచుండెడిది. అది నీటిచప్పుడు కాదు, మోటారు చప్పుడును కాదు. మడిచిన వ్రేలి కణుపుతో ఎవరో గాజుపలకను ఒక్కసారి కొట్టి ఊరకున్నట్లు 'టక్కు'మని వినబడి, మరల ఎంతసేపటికో గాని వినబడెడిది కాదు. నాలుగైదు దినములు గడచునప్పటికి, నాచు గీకి తినుటకై తెచ్చి విడిచిన నత్తలలో రెండింటి గుల్లలు ఇసుకపై పగిలి కానవచ్చినవి. ఆ పగులు రాయి మీదపడి నలిగినట్లు లేదు. కొబ్బరికాయ కొట్టుటలో చేయి తిరిగిన పూజారి దెబ్బవలె, అదను చూచి, అంచు చూచి, గురి తప్పక కొట్టినట్లున్నది.

ఆ తొట్టెలో అమర్చిన రాళ్లు వట్టి రాళ్లు కావు. మెక్సికో సింధుశాఖ అడుగున కొన్ని సంవత్సరములు పడియుండి, నాచును స్పంజికలను గొట్టపు పురుగులను ఒడలెల్ల ధరించి, లోపల బొరియలతో నిండి పైకి వచ్చునట్టి రాతిని ఈ వ్యాసంగమున ఆరితేరినవారు 'లైవ్ రాక్' అందురు. జీవశిల అని మనము అనుకొనవచ్చును. అట్టి శిలయొక్క బొరియలో దాగి, ఎవరి ఎరుకయు లేక, మా ఇంటికి వచ్చి చేరిన ప్రాణియే ఆ చప్పుడునకు కారణము. దానిని ఆంగ్లేయులు 'మాంటిస్ ష్రింప్' అందురు. ముంగాళ్లు మడిచి నమస్కరించుచున్నట్లు కూర్చుండు గొల్లభామను పోలిన ముంజేతులుండుటచేత ఆ పేరు వచ్చినది గాని, అది గొల్లభామయు కాదు, రొయ్యయు కాదు. రొయ్యలకును పీతలకును మూలమైన వంశమునుండి సుమారు 40 కోట్ల సంవత్సరములకు పూర్వమే వేరుపడి, తన దారిని తాను వచ్చిన స్టొమాటోపాడ్ అను కులమునకు చెందినది. ఆ కులమున 450కి పైగా జాతులు కలవు. కొన్ని ఈటెలతో పొడుచును, కొన్ని గదలతో మోదును. మా ఇంటికి వచ్చినది గదాధారి. నియోగోనోడాక్టిలస్ వెన్నెరే అని దాని శాస్త్రనామము. మూడంగుళములకు మించి పెరుగనిది.

చేపల పెంపకమున అనుభవముగల మిత్రులను మనుమడు అడుగగా, రాతిని బయటికి తీసి బొరియలో మరగకాచిన నీరు పోయుమని ఒకరును, పీకి పారవేయుమని ఒకరును చెప్పినారట. వాడికి పదునాలుగేండ్లు. ఆ సాయంకాలము నా ప్రక్కన కూర్చుండి, "తాతయ్యా, అది దొంగ అంటున్నారు అందరూ. కానీ దాన్ని అడక్కుండా తెచ్చింది మనమే కదా?" అనెను. తిథి నియమము లేక వచ్చువాడు అతిథియని నేను పాఠశాలలో ముప్పది యేండ్లు వ్యుత్పత్తి చెప్పితిని. కాని తన రాకను తానును ఎరుగని అతిథి, ఇల్లెక్కడనున్నదో ఆ ఇంటితోడనే ఎత్తి తేబడిన అతిథి ఉండునని ఆ పూట వరకు నాకు తోచలేదు. నత్తను కొట్టుట దానికి స్వభావము. స్వభావమునకు శిక్ష విధించు ధర్మశాస్త్రము లేదు. చంపవలదని నిశ్చయించుట తేలికయే అయినది. రాతిని బకెట్టుపై నిలిపి బొరియలో కొంచెము సోడానీరు పోయగా ఆకుపచ్చని ఆ ప్రాణి జారి క్రింద పడినది. వెంటనే మందమైన చిల్లుల డబ్బాలోనికి మార్చి, పెద్దతొట్టెలోనే ఒక మూల వ్రేలాడదీసితిమి. చంపకుండుట అక్కడితో ముగిసినది. బ్రదికించుట అప్పటినుండి ఆరంభమైనది. నేను చెప్పదలచిన ధర్మసంకటము ఈ రెండవదానిలో పుట్టినది.

పది గ్యాలనుల, అనగా సుమారు 38 లీటర్ల నీరు పట్టు చిన్నతొట్టె నొకదానిని తెప్పించితిమి. ఈ చిన్నజాతికి అది చాలును. నెమలివన్నెల పెద్దజాతికైనచో దీనికి మూడింతలైనను కావలయును. గాజు పగులునేమోనని కోడలు భయపడినది. ఆ భయము నిర్హేతుకము కాదు. 1998లో ఇంగ్లాండునందలి గ్రేట్ యార్మత్ జలజంతుశాలలో టైసన్ అని పేరిడిన పెద్దజాతి ప్రాణియొకటి పావంగుళపు గాజును పగులగొట్టినది. మన దానికంత బలము లేదని మనుమడు తల్లిని ఊరడించెను. అడుగున రెండంగుళముల ఇసుక, దానిపై రాతిముక్కలు, గుల్లల పెంకులు పరచి, ఒక మూల బొటనవ్రేలు దూరునంత పి.వి.సి. గొట్టపు ముక్కను వాలుగా పాతితిమి. ఈ జీవికి ఇల్లు కావలయును. ఇంటికి గుమ్మము కావలయును. రాత్రివేళ ఆ గుమ్మమును తానే మూసికొనుటకు చేతికందు దూరమున రాళ్లు కావలయును. నీటి వెచ్చదనము 25 డిగ్రీలకు అటునిటుగా నుండవలయును. దీపపు వెలుతురు మందముగా నుండవలయును. వెలుతురు మిక్కుటమైనచో పెంకునకు కుళ్లుతెగులు పట్టునని పెంచినవారి అనుభవము.

మొదటినాటి సంగతి యొకటి చెప్పవలయును. ఉప్పు కలిపిన నీటిని బకెట్టునుండి తొట్టెలోనికి చేరవేయుటకు నా చేతికందినది నా రాగిచెంబు. రాజమహేంద్రవరమున నలువది యేండ్లుగా గోదావరి స్నానమునకు వెంటగొనిపోయి, చింతపండు పులుసుతో తోమి తోమి అంచు పలుచబడిన చెంబది. సంధ్యావందనమునకని సముద్రము దాటించి తెచ్చుకొన్నాను. దానిని ముంచబోవుచుండగా మనుమడు పరుగున వచ్చి నా మణికట్టు పట్టుకొనెను. "తాతయ్యా, ఆ చెంబు వద్దు! రాగి తగిలితే అది చచ్చిపోతుంది." చేపలకు తెగులు వచ్చినప్పుడు రాగిలవణమును మందుగా వేయుదురట, ఆ మందే రొయ్యలకును పీతలకును వాటి దాయాదులకును ప్రాణాంతకమట. ఏ లోహపు స్పర్శచేత నీరు పావనమగునని నేను బాల్యమునుండి నమ్మియుంటినో, ఆ లోహమే అవతలి ప్రాణికి విషము. నేను చెంబును తీసికొనిపోయి పూజాపీఠముపై బోర్లించి, ప్లాస్టిక్కు మగ్గు తెచ్చుకొంటిని. శౌచమునకు కొలబద్ద నా దేహమే అని ఇన్నాళ్లును తెలియకయే అనుకొనుచుంటినన్న ఎరుక ఆ క్షణమున కలిగి, చాలసేపటివరకు నన్ను విడువలేదు.

ఆ బకెట్టులో ఉప్పు కరగుట చూచుచుండగా, నీట కరగిన ఉప్పును చూపి కుమారునకు తత్త్వము బోధించిన ఉద్దాలకుడును, ఆ కుమారుడు శ్వేతకేతువును జ్ఞప్తికి రాకుందురా! లీటరునకు సుమారు 35 గ్రాముల లెక్కన మనుమడు ఉప్పు పోసి కర్రతో కలుపును, కొంతసేపు పాలవలె తెల్లబారిన నీరు క్రమముగా తేటపడును, 1.025 సాంద్రత వచ్చినదా లేదా యని గాజుబిళ్లపై ఒక చుక్క వేసి వెలుతురునకెత్తి చూచును. ఉపనిషత్తునందలి కుమారుడు నాలుకతో చూచెను, వీడు కంటితో చూచుచున్నాడు. తొట్టెనుండి ఆవిరియై పోవునది నీరే గాని ఉప్పు కాదు. కావున తరిగిన మేరకు మంచినీరే పోయవలయును, ఉప్పునీరు పోసినచో కొలది దినములలో ఉప్పు పేరుకొని జీవి నశించును.

అంత చేసినను అది సముద్రము కాలేదు. ఒక పచ్చిరొయ్య ముక్కను అందులో వేసి కుళ్లనిచ్చి, అమ్మోనియా పుట్టనిచ్చి, దానిని నైట్రైటుగా మార్చు సూక్ష్మజీవులు ముందును, ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చునవి తరువాతను రాళ్ల సందులలో తామరతంపరగా పెరుగువరకు నెలకు పైగా వేచియుంటిమి. మూడు దినములకొకసారి మనుమడు గాజుగొట్టములో కొంచెము నీరు తీసి మందుచుక్కలు వేసెడివాడు. అది పసుపుపచ్చనుండి ఆకుపచ్చకు తిరిగిన అమ్మోనియా యున్నదని గుర్తు. ఎన్నోసారికో ఆ పసుపు పసుపుగానే నిలిచినది. మేము పోసినది నీరు, కలిపినది ఉప్పు, పెట్టినది రాయి. దానిని ప్రాణి బ్రదుకదగిన తావుగా చేసినవి మాత్రము మా కంటికి కానరానివి, మేము పేరుపెట్టి పిలువనివి, మా ఆజ్ఞకు లోబడనివి.

ఈ వ్యాసంగమునకు మూలపురుషులెవరని విచారింపగా నాకు ఆశ్చర్యము కలిగిన విషయములు కొన్ని తెలిసినవి. 1846లో అన్నా థిన్ అను ఆంగ్ల వనిత టార్కీ సముద్రతీరమునుండి కొన్ని పగడపు జీవులను లండనునకు తెచ్చి, వెస్ట్‌మినిస్టర్ ఆబీ దేవాలయమున ఉపాధ్యక్షుడుగానున్న భర్త నివాసములో పెంచినది. నీటికి గాలి తగులుటకై ఆ నీటిని ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి కిటికీయెదుట ప్రతిదినము అరగంట, ముప్పావుగంట పోయుచుండుటకు ఒక పనిపిల్లను నియమించినది. ఆ పనిపిల్ల పేరు లోకమునకు తెలియదు. పగడములు బ్రదికినది ఆమె చేతులమీదుగానే కదా! తరువాత 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ తన గ్రంథమునకు 'అక్వేరియమ్' అని పేరుంచి, ఆ మాటను ఇంగ్లీషులో నిలిపినాడు. లవణములు ఏ పాళ్లలో కలిపిన కృత్రిమ సముద్రజలమగునో కూడ లోకమునకు తెలిపినాడు. ఆయన పరమ ఆస్తికుడు. బైబిలు అక్షరమక్షరమును సత్యమని విశ్వసించినవాడు. భూగర్భమున శిలాజములు చూపుచున్న అపారమైన వయస్సునకును, సృష్టికథలోని స్వల్పకాలమునకును పొత్తు కుదురక తపించి, 1857లో 'ఓంఫలోస్' అను గ్రంథము వ్రాసినాడు. ఆ గ్రీకుమాటకు నాభియని అర్థము. తల్లికడుపున పుట్టని ఆదామునకు బొడ్డున్నట్లే, నూతనముగా సృష్టింపబడిన జగత్తునందును గతించని గతముయొక్క చిహ్నములుండునని ఆయన వాదము. ఆ వాదమును ఆస్తికులును అంగీకరింపలేదు, శాస్త్రజ్ఞులును అంగీకరింపలేదు. నేనును అంగీకరింపలేను, కాని ఆయన వేదన నాకు బోధపడినది. తొట్టె కట్టినవాని అనుభవమే ఆ గ్రంథమున తాత్త్విక రూపము దాల్చినదేమో! నిన్న కట్టిన సముద్రములో ఏండ్లనాటి రాయి యుండును, ఆ రాతిపై నాకు తెలియని చరిత్ర యుండును, ఆ రాతిలోపల నేను పిలువని ప్రాణి యుండును.

గాస్ గ్రంథములు చదివి ఇంగ్లాండు ప్రజలు సముద్రతీరములపై విరుచుకుపడి రాతిమడుగులను ఖాళీ చేసిరనియు, తండ్రి జీవితములో ఇది దారుణమైన పరిణామమనియు ఆయన కుమారుడు ఎడ్మండ్ 1907లో ప్రచురించిన గ్రంథమున దుఃఖించినాడు. మన దేశమున నేడు పగడములను సముద్రమునుండి తీయుట చట్టరీత్యా నేరము; వన్యప్రాణి రక్షణ చట్టము అనుబంధములో పులితోపాటు వాటికిని చోటు దొరికినది. మంచిపని జరిగినది.

ఇక ఆహారము. ఒక శనివారమునాడు మనుమడును నేనును అంగడికి పోయి చిన్న నత్తలను ఒక డజను కొని తెచ్చితిమి. కారులో వాడు ఆ నీటిసంచిని ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. ఒక నత్త సంచి లోపలివైపు అతుక్కొని, దారమువంటి రెండు కొమ్ములు చాచి, పాదము అలలు అలలుగా కదలించుచు మెల్లగా పైకి ప్రాకుచున్నది. పలుచని ఆ ప్లాస్టిక్కు గుండ దాని నోరు తెరచుకొనుటయు మూసికొనుటయు కూడ కనబడుచున్నది. చాలసేపు దానినే చూచి వాడు, "తాతయ్యా, ఒకదాన్ని కాపాడ్డానికి పన్నెండింటిని చంపుతున్నామా?" అని అడిగెను. నేను వెంటనే ఏమియు చెప్పలేకపోయితిని.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. బ్రహ్మసూత్రములలో రెండవ అధ్యాయము మొదటి పాదమున ఇదే ప్రశ్న ఈశ్వరునిపై మోపబడినది. ఒకనిని సుఖముగాను ఒకనిని దుఃఖముగాను సృష్టించిన దేవునకు వైషమ్యమను దోషము, అనగా పక్షపాతము, రాదా? ప్రాణులను దుఃఖమునకును నాశమునకును గురిచేయు దేవునకు నైర్ఘృణ్యము, అనగా జాలిలేనితనము, అంటదా? సూత్రకారుడు ఈ అభియోగమును దాచలేదు, మెత్తబరుపలేదు. నిండుసభలో నిలబెట్టినట్లు నిలబెట్టి సమాధానము చెప్పినాడు. ఈశ్వరుడు స్వతంత్రముగా ఇట్లు చేయుటలేదు, ప్రాణుల కర్మను అపేక్షించి చేయుచున్నాడు. శంకరులు దీనికి వానను దృష్టాంతముగా చూపిరి. వాన వరికిని యవలకును ఒక్కటే, మొలకలలోని భేదము విత్తనములది. సృష్టికి ముందు కర్మ యెక్కడిది అందువేమో, సంసారము అనాది. మొదలు లేనిదానికి 'ముందు' అను మాట పొసగదు.

విద్యార్థిదశలో ఈ అధికరణమును చదివినప్పుడు నేను ప్రశ్నకంటె సమాధానమును ఎక్కువగా మెచ్చుకొంటిని. తొట్టె ముందు కూర్చున్నప్పుడు ప్రశ్న మాత్రమే నాదైనది, సమాధానము నాకు అక్కరకు రాలేదు. ఈ ఇరువది అంగుళముల సముద్రము అనాది కాదు. ఫలానా తేదీన, ఫలానా గ్లాసు ఉప్పుతో మొదలైనది. ఇందులో ఏది తినవలయునో ఏది తినబడవలయునో విత్తనములు నిర్ణయింపలేదు. సంచి విప్పిన చేయి నిర్ణయించినది. వానకు వరి యనియు యవ యనియు ఎన్నిక లేదు, నాకున్నది. ఈశ్వరుని నిర్దోషిగా నిలుపు వాదమేదియు పోషకుని నిర్దోషిగా నిలుపదు. చిన్న లోకమును కట్టినవాడు పెద్ద లోకమును కట్టినవానితో పోల్చుకొని గర్వపడుటకు అవకాశము లేదు. అభియోగము ఇద్దరికిని సమానమే, ప్రతివాదము మాత్రము ఒక్కరికే కలదు.

సముద్రములోనైన ఆ నత్తకు ఇదే గతి పట్టియుండును గదా యని మా అబ్బాయి అనెను. నేను ఒప్పుకొనలేదు. సముద్రమున నత్తకు రాతిసందు కలదు, ఆటుపోట్లు కలవు, తప్పించుకొను అదృష్టమున్నను లేకున్నను దానికొక తావు కలదు. మా తొట్టెలో నాలుగు గోడలు కలవు. తినబడుట ప్రకృతి; తప్పించుకొను దారి లేకుండ తినబడుట మా ఏర్పాటు. శిబిచక్రవర్తి కథను పావురము పక్షమున నిలబడి చెప్పుట మన అలవాటు. డేగ పలికిన మాటను ఎవరును నిలకడగా వినరు. నీవు దయ చూపిన మాత్రాన నా ఆకలి తీరునా, ఒకరి ప్రాణము నిలిపి నా ప్రాణము తీయుట ఏ ధర్మమని అది న్యాయముగనే అడిగినది. శిబి దానిని తరిమివేయలేదు, దాని వాదము తప్పనలేదు; త్రాసు తెప్పించినాడు. తన దేహమునుండి కోసి తూచినాడు. రక్షకుడు తన రక్షణకు మూల్యమును మూడవవానిచేత చెల్లింపరాదని ఆ త్రాసు భావమని నా నమ్మకము. మా ఇంట ఆ మూడవది నత్త.

జైనులు ఇంద్రియముల సంఖ్యనుబట్టి ప్రాణులకు శ్రేణులు ఏర్పరచిరి. స్పర్శ మాత్రమే కలవి మొక్కలు. స్పర్శయు రుచియు కలవి నత్తలు, శంఖములు. ఇట్లు ఐదింద్రియముల వరకు శ్రేణి సాగును. ఇంద్రియములు హెచ్చినకొలది హింసాదోషము హెచ్చునందురు. రెండింద్రియముల నత్తను ఇచ్చి అంతకు మించిన ఇంద్రియములు కలదానిని నిలుపుట తక్కువ దోషమని ఆ లెక్క ఒకవిధముగ ఊరట నీయగలదు. తక్కువ దోషమే, దోషము కాకపోలేదు. జైన ముని ఈ ఊరటను స్వీకరించి నత్తలను కొనబోడు. అసలు తొట్టెయే కట్టడు. అది గృహస్థులమైన మాకంటె నిక్కమైన మార్గమని తల వంచుచున్నాను.

ఆ ప్రాణి గదను గూర్చి రెండు మాటలు. 2004లో షీలా పాటెక్ అను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును నెమలివన్నెల జాతి దెబ్బను వేగముగా చిత్రములు తీయు యంత్రముతో కొలిచిరి. సెకనుకు 23 మీటర్ల వరకు వేగము తేలినది. కండబలముచేత అంత వేగము రాదు. విల్లువలె వంచి బిగబట్టిన పెంకులో దాచిన బలము ఒక్కుమ్మడిగ విడువబడుటచేత వచ్చును. ఆ వేగమునకు నీరు చీలి బుడగలు పుట్టి, అవి కూలునప్పుడు రెండవ దెబ్బ తగులును. గద తాకుచోట ఉండు ఖనిజము మన ఎముకలోను పంటిలోను ఉండు ఖనిజమువంటిదే. ఎముకనుండి పుట్టిన ఆయుధమనగానే తెలుగువాని మనస్సు దధీచివైపు పోవును. ఆ మహర్షి తన వెన్నెముకను తానై ఇచ్చినాడు. నత్త ఏమియు ఇయ్యలేదు, దానినుండి తీసికొనబడినది.

దాని కన్నును గూర్చి చదివినది నన్ను మరింత కలవరపెట్టినది. కాడలపై నిలిచిన రెండు కన్నులు, ఒకటి ఇటు ఒకటి అటు, దేనికది వేరుగా తిరుగును. ఒక్కొక్క కంటిలోనే మూడుచోట్లనుండి ఒకే బిందువును చూడగల నిర్మాణము కలదు. రంగులను గ్రహించుటకు మనకు మూడు తెగల గ్రాహకములుండగా దీని కులమున పెక్కింటికి పన్నెండు కలవు. మనకు కానరాని అతినీలలోహిత కాంతియు వాటికి గోచరము, వాటిలో కొన్నింటికి వర్తులముగా ధ్రువణము చెందిన కాంతియు గోచరము. పన్నెండు కలవు గనుక మనకంటె సూక్ష్మముగా రంగుల తేడా తెలియునని అందరును అనుకొనిరి. 2014లో ప్రకటింపబడిన పరీక్షలలో దానికి విరుద్ధముగా తేలినది. దగ్గర దగ్గర రంగులను వేరుపరచుటలో అవి మనకంటె చాల వెనుకబడియున్నవి. మనము ఒక రంగును ఇంకొక రంగుతో సరిపోల్చి తేడా కట్టుదుము. అవి సరిపోల్చకయే, చూచిన మాత్రాన ఇది ఇదియని గుర్తించుచున్నవి కాబోలునని శాస్త్రజ్ఞులు ఊహించిరి. నామజాత్యాది కల్పనలు చేరక ముందటి తొలిచూపును మన దార్శనికులు నిర్వికల్పక ప్రత్యక్షమనిరి. అది మనకు క్షణమాత్రము, పట్టుకొనబోవునంతలో సవికల్పకమైపోవును. ఆ తొలిచూపులోనే జీవితకాలమంతయు వసించు ప్రాణి ఉండునా? ఇది నా ఊహ మాత్రమే, దీనిపై నేను సిద్ధాంతము కట్టబోను. కాని కర్మఫలదాత సర్వజ్ఞుడని శాస్త్రము చెప్పును; నేను పోషించు ప్రాణి నా ముఖమును ఏ రీతిగ చూచుచున్నదో కూడ నేను ఎరుగను. ఆ దీపము దానికి హాయియో బాధయో, ఆ గొట్టము ఇల్లో చెరయో, ఎరుగకయే నిర్ణయించితిని. పోషకునకు అనాదిత్వము లేదనుకొంటిని, సర్వజ్ఞత్వమును లేదు.

మూడవ మాసమున ఒకనాడు అది గుమ్మమును లోపలినుండి రాళ్లతో మూసికొన్నది. ఒకదినము, రెండు దినములు, ఆరు దినములు గడచినను బయటికి రాలేదు. పెట్టిన ఆహారము అట్లే యుండి కుళ్లుచుండగా తీసివేసితిమి. మనుమనికి పాఠములు తలకెక్కలేదు. రాత్రులు ఎఱ్ఱదీపము పట్టుకొని తొట్టె ముందు కూర్చుండెడివాడు. రాళ్లు తొలగించి చూడనిమ్మని వాడు బ్రతిమాలగా, వలదని నేను చెప్పుట నా మొత్తము పోషకత్వములో నేను చేసిన ఏకైక మంచిపనియేమో. తొమ్మిదవనాటి ఉదయమున గుమ్మము ముందు ఒక వట్టి ఒడలు పడియున్నది. పలుచగా, గాజువలె తేటగా, ముంజేతులతో, కనుగ్రుడ్ల పైపొరలతో సహా చెక్కుచెదరక యున్నది. జీర్ణవస్త్రములను విడుచుటను గూర్చి గీతలో చెప్పిన పోలిక ఎవరికైనను వెంటనే నోటికి వచ్చును, నాకును వచ్చినది. కాని ఆ పొరను అరచేతిలో పెట్టుకొని చూచిన పిదప ఆ పోలికను అనలేకపోయితిని. వస్త్రము ధరించినవానికంటె వేరైనది. ఇది వేరు కాదు. తన దేహమునుండియే నేసికొన్నది, కంటిచూపు దానిగుండనే చూచినది, కడుపులోపలి పూత కూడ దానితోనే ఊడివచ్చినది. విడిచినది వస్త్రము కాదు, నిన్నటి తాను. క్రొత్త పెంకు గట్టిపడువరకు ఆ గదాధారి మెత్తని ప్రాణి. ఏ నత్తను కొట్టలేనిది, ఎవరు తాకినను నశించునది. ఆ దినములలో దానికి నాపై నమ్మకమున్నదని అనుకొనుటకు ఆధారము లేదు. ఉన్నదల్లా రాళ్లు పేర్చి మూసిన గుమ్మము. ఆ గుమ్మమును మేము తెరువకుండుట.

ఆ పిదప మనుమడు ఒక ఉపాయము పన్నెను. తల్లి వంటకు తెచ్చిన గడ్డకట్టిన రొయ్యల మాంసమును చిన్న ముక్కలుగా కోసి, పగిలిన పాతగుల్లలలో మంచివి ఏరి వాటిలో కూరి, చువ్వవంటి పట్టుకారుతో గుమ్మము ముందు నిలిపెడివాడు. ప్రాణి వచ్చి మీసములతో తడవి, గుల్లను లోపలికి ఈడ్చుకొని, అరగంటసేపు టక్కుటక్కుమని కొట్టి తినెడిది. దానికి కొట్టుట తప్పలేదు, నత్తకు చావు తప్పినది. "ఇది పరవాలేదు కదా, తాతయ్యా?" అని వాడు అడిగినప్పుడు, అవునని గాని కాదని గాని చెప్పక, ఎఱ్ఱన తెనిగించిన ధర్మవ్యాధుని కథ చెప్పితిని. మిథిలలో మాంసము విక్రయించు ఆ ధర్మాత్ముడు తాను స్వయముగ చంపడు. ఇతరులు చంపినదానిని అమ్మును. కౌశికుడు తన్ను చూచి ఏవగించుకొన్నప్పుడు, చంపినది నేను కాదు కదా యని తప్పించుకొనవచ్చునే! అట్లు చేయలేదు. తన వృత్తి ఘోరమైనదే అని ముందు ఒప్పుకొని, నాగలి దున్నువాడును నడచువాడును హింసలోనే యున్నారని తరువాత చెప్పినాడు. ఒప్పుకొనుట ముందు వచ్చినది గనుకనే తరువాతి మాటకు బరువు కలిగినది. మనుమడు విని, "అయితే రొయ్య కూడా ఒకటే కదా" అనెను. ఒకటే నాయనా, అంటిని. వాడు ఆ పనిని మానలేదు. కాని అప్పటినుండి మిగిలిన ముక్కను పారవేయక, లెక్కగా కోసి, కావలసినంతయే తీయుచుండెడివాడు.

ఆ డజనులో ఒక నత్త మాత్రము తప్పించుకొని బ్రదికియున్నది. ఎట్లు తప్పించుకొన్నదో తెలియదు. ముందుగాజుపై నాచు గీకుచు, గుమ్మమునకు జానెడు దూరమున ఐదు వారములు తిరిగినది. అది నడచినచోట గాజు తేటపడి, వంకరటింకర దారి యొకటి నిలిచియుండెడిది. నా తిరుగు ప్రయాణమునకు ముందటి సాయంకాలము మనుమడు దానిని పెద్దతొట్టెలోనికి మార్చుదమా యని అడిగెను. మార్చుమంటిని. ఎందుకు దీనినే, మిగిలిన పదునొకండింటి సంగతి యేమని నేను అడుగలేదు, వాడును చెప్పలేదు. వాడు మూత తీసి పట్టుకారును నీటిలోనికి దించెను. గుమ్మమునుండి ఆకుపచ్చని తల బయటికి వచ్చినది. కాడపై నిలిచిన ఒక కన్ను పైకి తిరిగి పట్టుకారునే చూచుచున్నది. రెండవది నత్తపై నిలిచియున్నది. పట్టు చాలక నత్త ఒకసారి జారినది. రెండవసారి వాడు ఊపిరి బిగబట్టి, గుల్లను నిలువుగా పట్టి, మెల్లగా పైకెత్తెను.